డిక్కీలో బాలయేసు

మొన్న వికారాబాద్‌లో బేకరీ ముందు స్కూటరు తీస్తుంటే వెనక నుంచి మా అమ్మాయి, "డాడీ, నంబర్ జూసి తియ్," అంది. ఈ మాట మా ఇంట్లో పన్నెండేళ్లుగా నడుస్తోంది. తనకిప్పుడు పద్దెనిమిది, ఆ సంగతి జరిగినప్పుడు ఆరేళ్ల పిల్ల. చలి ముదిరి, బేకరీ వాళ్లు బయట బల్లలు వేసి కేకు డబ్బాలు పేర్చే రోజుల్లో నేను బండి దగ్గరికి వెళ్తే చాలు, ఇంట్లో ఎవరో ఒకరు ఆ మాట అనకుండా ఉండరు. నేనూ నవ్వేసి నంబరు చూస్తాను. ఆ రోజు ఏం జరిగిందో నాకు వరసగా గుర్తుంది గానీ, నేనెందుకు అలా చేశానో మాత్రం ఇప్పటికీ సరిగా అర్థం కాలేదు.

వికారాబాద్‌లో నాది విత్తనాల దుకాణం. నా భార్య పుట్టిల్లు తాండూరు. క్రిస్మస్ సెలవులు ఇవ్వగానే ఆమె పిల్లను తీసుకుని పుట్టింటికి వెళ్లింది. మా ఇంట్లో క్రిస్మస్ చేసే అలవాటు లేదు కానీ, బడిలో చూసిందల్లా పిల్లకు ఇంట్లోనూ కావాలి. పండుగ ముందు రోజు ఫోన్ చేసి, కేకు లేకుండా రావద్దని గట్టిగా చెప్పింది. మధ్యాహ్నం దాటాక దుకాణం మూశాను. ఒకదాని మీద ఒకటి రెండు స్వెట్టర్లు, తలకు మంకీ క్యాపు. జేబులన్నీ స్వెట్టర్ల కిందికి పోవడంతో ఫోనూ శాలువా డిక్కీలో పెట్టి బేకరీలోకి వెళ్లాను. లోపల ఊరంతా అక్కడే ఉన్నంత రద్దీ. ఎట్టకేలకు డబ్బా పట్టుకుని బయటికొచ్చి, దాన్ని ముందు కొక్కేనికి తగిలించి, బూడిద రంగు స్కూటరుకు తాళంచెవి పెట్టాను. తిరిగింది. ఇంకేం కావాలి, బయలుదేరాను.

అది నా బండి కాదని చెప్పడానికి ఆ బండి దారి పొడవునా ప్రయత్నించింది. అద్దంలో రోడ్డుకు బదులు ఆకాశం కనిపించింది. చలికి మెడ బిగుసుకుపోయిందేమో అనుకున్నాను. సీటు మెత్తగా తగిలింది, రెండు స్వెట్టర్ల మహిమ అనుకున్నాను. ముందురోజే పెట్రోలు పోయించుకున్నాను కదా, ముల్లు అడుగున ఎందుకుందంటే చలికి ముల్లు పనిచేయడం లేదనుకున్నాను. అనంతగిరి దగ్గర సెలవులకు హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు కార్లు అడ్డంగా ఆపి ఫోటోలు దిగుతున్నారు. వాళ్లను తప్పించుకుంటూ, మంకీ క్యాపులోంచి వచ్చే నా ఊపిరికే కళ్లజోడు మసకబారుతుంటే తుడుచుకుంటూ ఘాట్ రోడ్డు దిగాను. అప్పటికి వేళ్లు కొయ్యబారిపోయాయి. బంట్వారం వైపు దారి చీలే చోట ఒక చాయ హోటల్ ఉంటే ఆగాను. శాలువా తీసుకుందామని డిక్కీ తెరిచాను.

లోపలి నుంచి చిన్న గులాబీ రంగు చెయ్యి ఒకటి పైకి లేచి ఉంది.

నేను సీటు టపీమని మూసేశాను. హోటలాయన గిన్నె దించి, "ఏమైంది సేటు?" అన్నాడు. మళ్లీ తెరిచాను. తెల్లటి గుడ్డలో చుట్టిన బొమ్మ. దాని పక్కన బంగారు కాగితం అంటించిన మూడు అట్ట కిరీటాలు. నా శాలువా లేదు, ఫోను లేదు. ఎవరో దొంగతనం చేశారనే అనుకున్నాను. శాలువా ఎత్తుకుపోయి బొమ్మ ఎందుకు పెట్టిపోయాడని మాత్రం తోచలేదు. హోటలాయన ఫోను అడిగి నా నంబరుకే చేశాను. ఎవరో ఆడమనిషి ఎత్తింది.

"ఎవరమ్మా?" అన్నాను.

"చేసింది మీరు. మీరే చెప్పుండ్రి ఎవరో."

"ఆ ఫోన్ నాది."

"అయితే ఈ బండి గూడ మీదేనా?"

"నా బండి నా దగ్గరనే ఉంది."

"జర నంబర్ జూడుండ్రి సార్," అంది నెమ్మదిగా.

చూశాను. అది నా నంబరు కాదు. ఆమె బంట్వారం దగ్గర ఒక ఊళ్లో బడి టీచరు. తన బండి తాళం అరిగిపోయి ఏ చెవి పెట్టినా తిరుగుతుందట. బేకరీ బయట నా బండిని తనదే అనుకుని, తన చెవి తిరగక, మెకానిక్‌ను పిలిచి తాళం పగలగొట్టించింది. అంతలో డిక్కీ లోపల ఫోను మోగిందట. తన ఫోను తన చేతిలోనే ఉంది, మరి మోగేది ఎవరిదో తెలియక పరేషాన్ అయి తీస్తే, అవతల నా భార్య. "మా ఆయన ఏడి?" అని ఆమె, "నాకేం ఎరుక?" అని ఈమె. ఇవన్నీ గబగబా చెప్పి అడిగింది: "సార్, డిక్కీల మా బాలయేసు ఉన్నడా?"

"ఉన్నడు," అన్నాను. ఉంది అనడానికి ఎందుకో నోరు రాలేదు.

"ఆడనే ఉండుండ్రి. నేను మీ బండి మీద వస్తున్న. ఏడుగంటలకు పిల్లల నాటకం ఉంది."

ఆమె వచ్చేసరికి పొద్దుగుంకింది. నాకంటే అయిదారేళ్లు పెద్దావిడ, తలకు స్కార్ఫు, మొహంలో కోపానికీ నవ్వుకీ మధ్య ఏదో. నా బండికి తాళం ఉండాల్సిన చోట రెండు తీగలు వేలాడుతున్నాయి. ఆమె బండి మాత్రం ఎంత తన్నినా కదల్లేదు. దారిలో పోయించుకుందామని ఆమె అనుకుందట, ఉన్న ఆ కాస్త పెట్రోలునూ నేను ఇక్కడిదాకా వచ్చి అయిపోగొట్టాను. హోటల్లో సీసా పెట్రోలు కూడా లేదు. "ఇగ ఒక్క బండి మీదనే పోదం. తొవ్వ నాకెరుక, నేను నడుపుత. మీరు కిరీటాలు నలగకుండ పట్టుకోండ్రి," అంది. దింపేసి వెంటనే తాండూరు వెళ్లిపోవచ్చు అనుకుని వెనక కూర్చున్నాను. ముందు కొక్కేనికి కేకు డబ్బా, ఒళ్లో బొమ్మ, మోచేతికి మూడు కిరీటాలు, కోసిన కంది చేల మీదుగా సూదుల్లాంటి గాలి. నా భార్యకు ఫోన్ చేసి చెప్పాను. నేను చెప్పింది వింటుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు.

మేం వెళ్లేసరికి నాటకం మొదలైపోయింది. చర్చి పక్క జాగాలో, బాలయేసును చూడవచ్చే ముగ్గురు రాజులు తలకు తువ్వాళ్లు చుట్టుకుని నిలబడి ఉన్నారు. గొల్ల వేషాల పిల్లలు నిజంగానే గొర్లు కాసే ఇళ్లవాళ్లట, ఇంటి నుంచి గొంగళ్లు తెచ్చుకున్నారు. గడ్డి మీద నెలల పసివాడు నిద్రపోతున్నాడు. బొమ్మ రాలేదని గొల్ల పిల్లల్లో ఒకడి తల్లి తన చంటివాణ్నే పడుకోబెట్టిందట. మమ్మల్ని చూసి పెద్ద రాజు మాట మధ్యలో ఆగిపోయాడు. "టీచర్, గిప్పుడు కిరీటం పెట్టుకోవాల్నా?" ఆమె నా చేతిలోని కిరీటాలనూ వాడి తువ్వాలునూ చూసింది. పదిరోజులు కూర్చుని అంటించిన కిరీటాలవి. "వద్దు బిడ్డా. ఎట్లున్నదో అట్లనే కానియ్యి," అంది. పసివాడు లేచి ఏడిస్తే తల్లి మధ్యలోకి వచ్చి ఎత్తుకుని, అక్కడే ఒక పక్కకు తిరిగి పాలిచ్చింది. నాటకం ఆమె చుట్టూ సాగిపోయింది.

నేను వెళ్లాలి. అందరూ ఎదురు చూస్తున్నారు. అయినా బొమ్మను ఒళ్లో పెట్టుకుని చివరిదాకా కూర్చున్నాను. కేకు డబ్బా విప్పి నేనే పిల్లలకు ఇచ్చాను, ఒక్కొక్కరికి వేలెడు ముక్క. వచ్చేటప్పుడు టీచరు బొమ్మను నా చేతిలోనే ఉంచి, "మీ పాపకియ్యుండ్రి," అంది.

తాండూరు చేరేసరికి అత్తగారింటి వాళ్లంతా వాకిట్లోనే ఉన్నారు. మా మామ వేలాడే తీగలను వంగి చూసి లోపలికి వెళ్లాడు. పిల్ల కేకు ఏదని అడిగింది. బొమ్మను ఇస్తే కాసేపు చూసి, "దీనికి సలి పెడ్తుంది," అని నా శాలువా లాక్కుంది. నా భార్య మాత్రం భోజనం దగ్గర అడిగింది: "అన్నీ సరే. పిల్ల ఏడుస్తదని తెలిసి గూడ ఆడ ఎందుకు కూసున్నరు?" నేను పప్పు గిన్నె ఇటు జరపమన్నాను.

మరునాడు టీచరు పెట్రోలు పట్టుకొచ్చి చాయ హోటల్ ముందున్న తన బండి తీసుకెళ్లింది, నేను తాళం మార్పించాను. ఏటా పండుగ నాడు ఆమె ఫోన్ చేస్తుంది. ఈసారి చెప్పింది, గడ్డి మీద పడుకున్న ఆ పసివాడు ఇప్పుడు రాజు వేషం వేస్తున్నాడట, చెప్పిన మాట వినడట, గొంతు కూడా మారుతోందట. ఆ సాయంత్రం అన్నీ పాడైపోయి కూడా నేను అంత తేలిగ్గా ఎందుకున్నానో ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను. అది నాకు అంతుపట్టేలోగా వాడికి మీసాలు వచ్చేసేలా ఉన్నాయి.