పన్ను నొప్పి శనివారాలు

1953వ సంవత్సరం, మార్చి నెల, రెండవ శనివారం. రాత్రంతా కురవవలసినది మంచో వానో తేల్చుకోలేక రెండూ కలిసి కురిశాయి. తెల్లవారేసరికి నోర్డాల్ పట్టణపు వీధులు పలుచని గంజిలా మారిపోయాయి. చూరులకు వేలాడుతున్న మంచుకడ్డీలు టపటపా కారుతున్నాయి. విస్కాన్సిన్‌లో మార్చి నెలను శీతకాలమనీ అనలేము, వసంతమనీ అనలేము. ఇంటిల్లిపాది బూట్లూ వంటింటి గుమ్మం దగ్గర పాత వార్తాపత్రికల మీద ఆరే కాలమని మాత్రం ధైర్యంగా అనవచ్చు. అటువంటి ఉదయాన లెనోరా ట్వీటెన్ చర్చికి పెట్టుకొనే నీలం టోపీ పెట్టుకొని, రెండు ఖాళీ సంచులు మడిచి చంకన ఇరికించుకొని, కారు తలుపు తీసింది.

కంచె అవతల కాళ్ళు తుడుచుకొనే పట్టలు దులుపుతున్న గెర్డా చేతిలో పని ఆపింది. పక్కింటి కారు కదిలితే ఆమె చేతిలో పని ఆగడం ఆ వీధిలో అందరికీ తెలిసిన సంగతే.

"ఎక్కడికమ్మా ఇంత బురదలో?"

"పళ్ళ డాక్టరు దగ్గరికండీ."

"మళ్ళీనా! పోయిన నెల వెళ్ళావు, అంతకుముందు నెల వెళ్ళావు. ఇంకా నోట్లో పళ్ళు మిగిలాయా నీకు?"

"మిగిలినవైనా కాపాడుకుందామని."

"అదీ ఇల్లినాయ్ దాకా పోయి! మన ఊరి డాక్టరు చెయ్యేమైనా చెడ్డదా?"

"మా చెల్లెలు చెప్పిందండీ, అక్కడాయన చెయ్యి తేలికట."

నిజానికి లెనోరా పళ్ళకు ఏ లోపమూ లేదు. క్రిస్మస్ నాడు అక్రోట్లను పళ్ళతోనే పగలగొట్టగల మనిషి ఆమె. అబద్ధమాడటం ఆమెకు అలవాటు లేని పని. అలవాటు లేని పని చేసేవారందరిలాగే ఆమె కూడా అవసరమైన దానికన్నా ఎక్కువ చెప్పేది. ఆ అబద్ధానికి కారణం ఆమె భర్త ఆర్విడ్.

ఆర్విడ్ నోర్డాల్ సహకార పాలకేంద్రంలో వెన్న తీసేవాడు. ఊరి పొలిమేరలో "మేలైన వెన్న ఈ ఊరిది" అని పసుపు అక్షరాలతో పలక ఒకటి ఉండేది. ఆ అక్షరాల వెనుక ఉన్న చేతులు ఆర్విడ్‌వే. రాష్ట్రపు పోటీలలో అతడు గెలిచిన పతకాలు పాలకేంద్రం గోడకు అద్దాల పెట్టెలో వేలాడేవి. చిలికే పీపా తిరుగుతున్న చప్పుడు విని, మూత తీయకుండానే, "అయింది, ఆపండి" అనేవాడు. ఇంత ఘనుడికీ ఒక చిక్కు వచ్చిపడింది. తెల్లవారుజాము మొదలు సాయంత్రం దాకా ముక్కునిండా, చొక్కానిండా, గోళ్ళసందులనిండా మీగడ వాసన నింపుకొని వచ్చేవాడు కాబట్టి, ఒకనాటి ఉదయం వెన్న రాసిన రొట్టెముక్కను నోటిదాకా తీసుకువెళ్ళి మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు.

"ఏమండీ, రొట్టె మాడిందా?"

"రొట్టె బాగానే ఉంది. వెన్నే… నావల్ల కావడం లేదు, లెనోరా."

సిగ్గుపడుతూ చెప్పాడా మాట. ఆనాటి నుంచి ఉత్త రొట్టె నమిలి, కాఫీ తాగి, పనికి పోయేవాడు. లెనోరా అతని ప్యాంట్ల నడుములు రెండుమార్లు బిగించి కుట్టవలసి వచ్చింది.

అంతకుముందు నవంబరులో, కృతజ్ఞతల పండుగకు, ఇల్లినాయ్‌లో ఉన్న చెల్లెలు మర్టిల్ ఇంటికి వెళ్ళినప్పుడు ఆర్విడ్ వేడి రొట్టెలు ఒకదాని మీద ఒకటి లాగించడం చూసి లెనోరా విస్తుపోయింది. మర్టిల్ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయింది.

"అక్కా, బావ తింటున్నది వెన్న కాదే. ఓలియో!"

గింజల నూనెను గట్టిపరచి, పసుపురంగు కలిపి, వెన్నలా కనిపించేటట్లు చేసిన ముద్దను అక్కడివారు ఓలియో అనేవారు. విస్కాన్సిన్‌లో ఆ పసుపురంగు ముద్దను అమ్మడం చట్టవిరుద్ధం. చట్టం మాట అటుంచి, పాడి మీద బతికే నోర్డాల్‌లో ఆ పేరు పెద్దల ముందు పలకడమే అమర్యాద. యుద్ధకాలంలో వెన్న కరువైనప్పుడు కూడా ఆ ఊరివారు పందికొవ్వు రాసుకొని తిన్నారే కానీ ఓలియో ముట్టలేదని ముసలివారు ఛాతీ విరుచుకొని చెప్పుకొనేవారు. (ఆ ముసలివారిలో కొందరి భార్యలు ఆ మాట వచ్చినప్పుడల్లా కాఫీ తేవడానికి లేచి లోపలికి పోయేవారట.)

అలా మొదలయ్యాయి లెనోరా పన్ను నొప్పి శనివారాలు. తెచ్చిన ఓలియోను ఆమె, ఆర్విడ్‌కు తప్ప బయటివారెవరికీ అనుమానం రాకుండా, కాగితాలు విప్పి, ఆర్విడ్ తాతగారు నార్వే నుంచి తెచ్చిన చెక్క అచ్చులో అదిమి, మీద పువ్వు గుర్తు పడేటట్లు తీసి, గాజుగిన్నెలో పెట్టేది. ఇక జీతంతోపాటు వారం వారం పాలకేంద్రం నుంచి వచ్చే అసలు వెన్ననేం చేయాలి? బిస్కట్లు చేసేది. చర్చికి బిస్కట్లు, బడికి బిస్కట్లు, బాలింతలకు, జబ్బుపడినవారికి, కొత్తగా కాపురానికి వచ్చినవారికి బిస్కట్లు. "లెనోరాది ఎంత పెద్ద చెయ్యో!" అని ఊరు మెచ్చుకొనేది. ఆ మెచ్చుకోలుకు ఆమె చెవులు ఎర్రబడేవి.

ఇంతవరకూ వేడుకగానే ఉంది. కానీ ఆ ఫిబ్రవరిలో పాలకేంద్రం వార్షిక సమావేశం జరిగింది. అధ్యక్షుడు సెల్మర్ బాకెన్ నిండైన విగ్రహం, నిండైన గొంతు. చట్టాన్ని సడలించాలని రాజధానిలో ఎవరో మాట్లాడారన్న వార్త చదివి మండిపడుతూ వచ్చాడు. బల్ల గుద్ది మరీ చెప్పాడు:

"ఈ పాలకేంద్రం జీతం తీసుకునేవాడి వంటింట్లో ఓలియో కనబడిందా, ఆ రోజే ఉద్యోగం ఊడుతుంది! ఎవరైనా సరే, నేను ముఖం చూడను!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఆర్విడ్ కూడా కొట్టాడు. పక్కన కూర్చున్న లెనోరాకు మాత్రం చేతులు కలవలేదు. వారుంటున్న ఇల్లు కూడా పాలకేంద్రానిదే. ఉద్యోగం పోతే ఇల్లూ పోతుంది. ఆమె స్వయంగా కుట్టిన పసుపు పరదాలు, పెరట్లో నాటిన పుల్లని కాడల రేవల్చిన్ని మొక్కలు, అన్నీ పోతాయి. అంతకన్నా, వెన్న తీయడం తప్ప మరొకటి తెలియని మనిషి ఏమైపోతాడు?

"సెల్మర్‌తో నేనే చెప్పేస్తాను," అన్నాడు ఆర్విడ్ ఇంటికి వచ్చాక. "దాచుకుని తినడం ఏం బాగుంది?"

"ఏమని చెబుతారు? మీ వెన్న చూస్తే నాకు కడుపులో తిప్పుతుందనా? పడుకోండి."

"పోనీ మానేస్తాను."

"మానేసి? ఇంకో ప్యాంటు బిగించే ఓపిక నాకు లేదు."

ఆ శనివారం ఆమె బయలుదేరినది ఆ భయాన్ని వెంటబెట్టుకొనే.

రాష్ట్రపు సరిహద్దు దాటీ దాటగానే, పెట్రోలు పంపును ఆనుకొని రేకుల కొట్టొకటి ఉండేది. దాని ముందు బారులు తీరిన కార్లన్నీ విస్కాన్సిన్‌వే. ఆ రాష్ట్రపు కార్ల నంబరు పలకల మీద "అమెరికా పాడినేల" అని రాసి ఉంటుంది. ఆ పాడినేల పలకలు వరుసగా ఓలియో కొట్టు ముందు నిలబడి ఉండటం చూసి కొట్టువాడు రోజూ నవ్వుకొనేవాడేమో, లోపలికి వచ్చిన ప్రతి ఆడమనిషినీ ఒకటే అడిగేవాడు.

"ఏమ్మా, ఈసారి ఏ పన్ను?"

లెనోరా తల వంచుకొని సంచులు నింపుకొంటున్నది. పక్కనే ఎవరో, ఎండ పొడ లేని ఆ రోజున నల్ల కళ్ళద్దాలు పెట్టుకొని, తలగుడ్డ కనుబొమల దాకా లాక్కొని, పెద్ద చేతిసంచిలో ఓలియో పొట్లాలు కుక్కుతున్నారు. ఒక పొట్లం జారింది. ఇద్దరూ ఒకేసారి వంగారు. టోపీ, తలగుడ్డ ఢీకొన్నాయి. కళ్ళద్దాలు కిందపడ్డాయి.

ఆమె థోరా బాకెన్. అధ్యక్షుడు సెల్మర్‌గారి భార్య.

ముందు థోరాయే తేరుకొన్నది.

"పన్ను నొప్పా?" అంది.

"అవునండీ థోరా గారూ. మీకూ…?"

"దవడ పన్ను."

"నాది ముందు పన్నండీ."

ఒకరి చేతిలోని పొట్లాలు ఒకరు చూసుకొన్నారు. మొదట థోరా పెదవి వణికింది, తరువాత భుజాలు కదిలాయి. ఇక ఆపుకోవడం ఇద్దరి వల్లా కాలేదు. గల్లా దగ్గరున్న కొట్టువాడు ఉలిక్కిపడేటట్లు నవ్వారు.

పక్కనున్న ఫలహారశాలలో కాఫీ తాగుతూ థోరా తన కథ చెప్పింది. "మా ఆయన మీగడంతా చుక్క మిగల్చకుండా పాలకేంద్రానికి పోయిస్తాడమ్మా. వారానికి ఒక్క పొట్లం వెన్న కొననిస్తాడు, ఇంట్లో పనివాళ్ళకీ పిల్లలకీ అదేం సరిపోతుంది? ఇంకాస్త అడిగితే, పాలు పోసేవాళ్ళం మనమే కొని తింటే లాభమేం మిగులుతుందే అంటాడు. సరే, నీ లాభం నీది, నా తంటా నాది అనుకున్నా."

"ఆయనకు తెలీదా?"

"తెలియడమా! రోజూ రొట్టెకు పట్టించి, ఆర్విడ్ చేతి మహిమే మహిమ అని లొట్టలేస్తాడు."

ఆ కబుర్లలో థోరా ఎక్కవలసిన బస్సు వెళ్ళిపోయింది. లెనోరాయే ఆమెను ఇంటి దగ్గర దింపుతానన్నది. అలా ఇద్దరి పొట్లాలూ ఒకే డిక్కీలో చేరాయి.

బాకెన్‌ల పొలానికి పోయే బండిదారి మలుపులో కారు వెనుక చక్రాలు బురదలో కూరుకుపోయాయి. లెనోరా ఎంత తొక్కినా చక్రాలు తిరిగి బురద చిమ్మాయే కానీ కారు కదలలేదు. కొట్టం దగ్గర నుంచి ఎవరో ట్రాక్టరు వేసుకొని వస్తున్నారు. ఎవరో ఏమిటి, ఆ నిండైన విగ్రహం దూరం నుంచే తెలుస్తున్నది.

"ఏమ్మా లెనోరా! ఈ బురదలోకి ఎందుకొచ్చావు? ఓహో, మా ఆవిడా ఉందే!"

"పళ్ళ డాక్టరు దగ్గర కలిసింది," అన్నది థోరా.

"వెనక బరువు లేదమ్మా, అందుకే చక్రం పట్టు దొరకట్లేదు. రెండు ఇసుక బస్తాలు వేస్తా, డిక్కీ తాళం ఇలా ఇవ్వు."

"వద్దండీ సెల్మర్ గారూ, బరువు… ఉందండీ కొంచెం," అన్నది లెనోరా. అప్పటికే అతడు కిటికీలోంచి చెయ్యి చాపి తాళంచెవి తీసుకొన్నాడు.

డిక్కీ మూత లేచింది. లెనోరా అద్దంలో ఆ మూతను చూస్తూ కూర్చున్నది. ఆమెకు పసుపు పరదాలు కనిపించాయి, ఆ తరువాత అద్దాల పెట్టెలోని పతకాలు కనిపించాయి. దిగి నిజం చెబుదామని తలుపు పిడి మీద చెయ్యి వేసింది. అంతకన్నా ముందే థోరా బురదలోకి దిగింది.

"ఎవరిది ఇది?" సెల్మర్ గొంతు.

"నాది."

"ఇంతానా?"

"అంతా నాదే. లెనోరా పాపం నన్ను దింపడానికి వచ్చింది."

"మన ఇంటికా?"

"మరి ఊరికంతా పంచడానికా?"

డిక్కీలో పొట్లాలు తిరగేస్తున్న చప్పుడు వినబడింది.

"అయితే రోజూ పొద్దున్న నేను…"

"అవును, రోజూ పొద్దున్న నువ్వు."

"నిన్న కూడానా?"

"నిన్న కూడా."

"పాస్టరుగారు భోజనానికొచ్చిన రోజు?"

"ఆయన ఇంకాస్త అని అడిగి మరీ రాసుకున్నారు."

సెల్మర్ బాకెన్, ఆవులు వింటున్నాయేమోనన్నట్లు, కొట్టం వైపు ఒకసారి చూశాడు. తరువాత ట్రాక్టరు మీది ఇసుక బస్తాలను ఎత్తి తెచ్చి, ఆ పొట్లాలు నలగకుండా పక్కకు జరిపి, ఒక్కొక్కటే నెమ్మదిగా సర్దాడు. మూత వేశాడు. ట్రాక్టరుతో కారును బయటికి లాగాడు. తాళంచెవి తిరిగి ఇస్తూ అడిగాడు.

"డాక్టరు మళ్ళీ రమ్మన్నాడా?"

లెనోరా థోరా వంక చూసింది.

"నెలనెలా రమ్మన్నాడు," అన్నది థోరా.

"ఇద్దర్నీనా?"

"ఇద్దర్నీ."

అతడు ఆ ఇద్దరినీ కాసేపు మార్చి మార్చి చూశాడు. ఏం అర్థమయిందో, ఎంత అర్థమయిందో, అతడు ఏనాడూ చెప్పలేదు.

"అయితే వచ్చే నెలకి ఈ దారిలో కంకర పోయిస్తాను," అని ట్రాక్టరు ఎక్కాడు.

"థోరా గారూ, మీరు…" అంటూ లెనోరా ఏదో అనబోయింది.

"గారేమిటి ఇంకా? కలిసి దొంగతనం చేశాం కదా, అక్కయ్యా అను."

దారిలో కంకర పడింది. సమావేశంలో చెప్పిన మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. జూన్‌లో ఆర్విడ్‌కు మరొక పతకం వచ్చింది. సన్మానసభలో అధ్యక్షులవారు ప్రసంగాన్ని ఎప్పటికన్నా చాలా త్వరగా ముగించారు. ఇద్దరు ఆడవారి పన్ను నొప్పి శనివారాలు ఏళ్ళ తరబడి సాగాయి. వారి స్నేహం కూడా ఆ కారులోనే, ఆ రోడ్డు మీదే పెరిగింది. మన జీవితంలో మంచి స్నేహాలు ఎన్ని ఇలాంటి చిన్న తప్పుల ఒడ్డున మొలకెత్తాయో ఎవరైనా లెక్క రాసి ఉంటే బాగుండును.

ఆర్విడ్ పని విరమించాక ట్వీటెన్‌లు ఇల్లినాయ్‌లో మర్టిల్ ఉన్న ఊరికి మారారు. 1967 శరదృతువులో, విస్కాన్సిన్ ఆ చట్టాన్ని తీసివేసిన కొన్ని నెలలకు, లెనోరా రాసిన ఉత్తరం థోరా ఇంట్లో చాలాకాలం వంటింటి అలమార తలుపుకు గుచ్చి ఉండేది.

"థోరా అక్కయ్యా,

మీ ఊరి కొట్లలో ఓలియో బహిరంగంగా అమ్ముతున్నారని పేపర్లో చదివాను. గెర్డా ఇంకా కంచె దగ్గరే ఉందా? ఇప్పుడు ఏ వంక చెప్పి ఊరు దాటుతున్నావు?

ఇక్కడ ఒక విచిత్రం జరిగింది. మా ఆయన పని మానేసి ఏడాది కావస్తోంది కదా, చొక్కాల్లోంచి ఆ మీగడ వాసన మెల్లగా పోయింది. ఉతికేటప్పుడు నాకే వెలితిగా ఉంటోంది. మొన్న పొద్దున్న రొట్టెకు ఓలియో రాసి ఇస్తే, ఒక కొరుకు కొరికి పళ్ళెంలో పెట్టేశారు. మాడిందా అన్నాను. 'ఇందులో రుచేముందే? ఇంట్లో వెన్న లేదా?' అన్నారు! కొట్టుకెళ్ళి వెన్న తెచ్చాను. పెదవి విరిచి, 'దీన్ని చిలికినవాడు తొందరపడ్డాడు' అన్నారు. ఇంకో కొట్టు వెన్న తెచ్చాను. దానికి ఉప్పు సరిగ్గా పట్టలేదట. ఆయనకు కావలసింది నోర్డాల్ వెన్నేనని ఆయన చెప్పరు, నేను అడగను.

అందుకని అక్కయ్యా, మన ఊరి వెన్న నాలుగు పొట్లాలు పాత పేపర్లో చుట్టి, నువ్వే స్వయంగా పట్టుకురా. సెల్మర్ గారు ఎందుకని అడిగితే దవడ పన్ను మళ్ళీ పోటు పెడుతోందని చెప్పు. ఆయనకు అర్థమవుతుంది.

చెక్క అచ్చు కడిగి ఆరబెట్టాను.

నీ చెల్లెలు,
లెనోరా"