నా పంచె కావిరంగు, మిషనుకు ఉప్పు

మా ఊరు అడవిపొలంలో బోరు నీళ్ళలో ఇనుముంది. ఏళ్ళ తరబడి ఆ నీళ్ళలో ఉతికి నా తెల్ల పంచెలన్నీ కావిరంగుకు తిరిగాయి. యానాం బజారుకు వెళితే "స్వామీ, ఏ ఆశ్రమం?" అని అడుగుతున్నారు. నేను చేపలమ్మి బతికినవాణ్ణి!

కిందటి నెల మా అల్లుడు నీళ్ళ మిషను పెట్టించాడు. అందులో చేప గుడ్లలాంటి గుళికలుంటాయి. నీళ్ళలో కరిగిన ఇనుము వాటికి పట్టుకుంటుందట. నిన్నటిదాకా బాగానే ఉంది. ఈ రోజు పొద్దున బకెట్లో నీళ్ళు మళ్ళీ ఎర్రబడ్డాయి. మెకానిక్కును పిలిచి తిట్టాను. అతను పక్కనున్న డబ్బా మూత తీశాడు.

"తాతగారూ, ఇందులో ఉప్పెయ్యమన్నాను కదండీ?"

"పోటొస్తే గోదారంతా ఉప్పే. మంచినీళ్ళకి మళ్ళీ నేనెయ్యాలేంట్రా?"

"నీళ్ళకి కాదండీ, గుళికలకండి. ఉప్పునీళ్ళతో కడిగితేనే ఇనుమును వదుల్తాయండి."

వంటింట్లోంచి మా ఆవిడ, "ఈయన మీద కూడా ఓ గుప్పెడు చల్లు బాబూ, పట్టిన పట్టు వదుల్తాడేమో" అంది.

ఉప్పు వేశాక ఎర్రనీళ్ళు కాలవలోకి పోయి, తెల్లనీళ్ళు వచ్చాయి. పంచె రంగు మాత్రం పోలేదు. బట్టకు పట్టింది మిషను తియ్యదట. ఎందుకు తియ్యదు?

ఆదివారం మా మనవరాలి నిశ్చయ తాంబూలాలు. కొత్త పంచె కొనుక్కోమనకండి, తప్పు నీళ్ళది. చదువుకున్నవాళ్ళు శనివారం సాయంత్రంలోగా ఉపాయం చెప్పండి. లేకపోతే ఈ పంచెతోనే వెళతాను. అక్కడ నాకు స్వామీ అని దణ్ణం పెట్టినవాడి విస్తట్లో రొయ్యల వేపుడు నాది.