తోయకూడని నెల

పెళ్ళికి ముందు నా జీతంతో నేను కొనుక్కున్న పెద్ద వస్తువు ఒక్కటే, ఆ చిన్న తెల్ల కారు. అప్పటికే దానికి పద్నాలుగేళ్ళు. కడపలో ఒక డాక్టరుగారు వాడి వాడి పక్కన పెడితే, సెలవులకు వెళ్ళినప్పుడు చూసి, ఇంట్లో ఎవరినీ అడక్కుండా హైదరాబాదు తెచ్చేసుకున్నాను. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం నాది. ఇంకొకరు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడమే పని కాబట్టి, తప్పులున్న వస్తువంటే నాకు చిరాకు రాదు, ఆసక్తి పుడుతుంది. మా ఆయన ప్రోగ్రాములు రాసేవాడు. పాతది మొరాయిస్తే అవతల పారేసి కొత్తది మొదలుపెడదామనే రకం.

ఆ కారు ఆయన చేత బాగానే తోయించుకుంది. శేరిలింగంపల్లి సందుల్లో తోశాడు, కొండాపూర్ ఎత్తు మీద తోశాడు. చివరికి ఒక పొద్దున మా ఆయన వాళ్ళ ఆఫీసు గేటు ముందు, వెనక కారులో ఆయన మేనేజరే కూర్చుని ఆపకుండా హారన్ కొడుతుంటే తోశాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా, "అమ్మేద్దాం" అన్నాడు.

"నా కారు అది," అన్నాను.

"నీదే. తోసేది మాత్రం నేను."

ఆ మాటలో న్యాయం ఉంది. అవతలివాళ్ళ మాటలో న్యాయం ఉన్నప్పుడే నాకు కోపం ఎక్కువ వస్తుంది. మాటా మాటా పెరిగి ఒప్పందం దాకా పోయింది. నెల రోజులు గడువు. ఆ నెలలో ఎవరైనా సరే, ఒక్కసారి తోసినా కారు అమ్మేయాలి. ఎవరూ తోయకుండా నెల గడిచిందా, ఆయన ఇక ఎప్పుడూ అమ్మకం ఊసెత్తకూడదు. కాగితం మీద ఆయనే రాశాడు. ఇద్దరం సంతకాలు పెట్టి ఫ్రిజ్ తలుపుకు అంటించాం. అంటించాక గానీ నాకు భయం వేయలేదు. ఆ కారు ఉన్నంతకాలం నేను ఆఫీసు క్యాబు కోసమో, ఆయన బైకు కోసమో ఎదురుచూడక్కర్లేదు. తాళంచెవి తీసుకుని బయల్దేరితే చాలు. అది పోతే ఈ ఊళ్ళో నాది అని చెప్పుకోడానికి ఇంకేమీ ఉండదని నాకు గట్టిగా అనిపించింది.

మేం పై అంతస్తులో కిరాయికి ఉండేవాళ్ళం. కింద ఇంటి ఓనరు, భార్య. ఆయన బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరైన మనిషి. పుట్టి పెరిగింది అక్కడే. మొదట్లో నేను "అంకుల్" అంటే, "అంకుల్ ఏంది బిడ్డా, కాకా అను, మంచిగుంటది" అన్నాడు. అవి తెలంగాణ ఉద్యమం రోజులు. కాకా తన స్కూటరు నంబరు ప్లేటు మీద ఏపీ అన్న అక్షరాలను నల్లరంగుతో కొట్టేసి, స్వహస్తాలతో టీజీ అని రాసుకున్నాడు. నా కారు మీద కడప నంబరు, ఏపీ జీరో ఫోర్. ఆ రెండు బండ్లూ ఒకే షెడ్డులో పక్కపక్కన నిలబడేవి. నంబరు మీద ఏదైనా స్టిక్కరు వేసుకొమ్మని ఆఫీసులో కొందరు సలహా ఇచ్చారు. అది ఎక్కడ పుట్టిందో దాచుకోవాల్సినంత తప్పు ఏం చేసిందని నాకు ఒళ్ళు మండింది. స్టిక్కరు వేయలేదు.

ఒప్పందం సంగతి చెప్తే కాకా చాలాసేపు నవ్వి, బానెట్ ఎత్తమన్నాడు.

మా పాఠాలన్నీ బంద్ రోజుల్లోనే నడిచాయి. బంద్ అంటే చందానగర్ నుంచి కూకట్‌పల్లి దాకా మెకానిక్ షాపులన్నీ మూతే. నాకు ఆఫీసు పని ఇంట్లోంచే. ఊరేగింపుకు వెళ్ళొచ్చాక కాకాకూ తీరికే. మొదటిరోజు బ్యాటరీ చూపించాడు. దాని కొనల మీద తెల్లగా, ఉప్పు పూసినట్టు పేరుకుపోయి ఉంది. "ముందుగాల మైనస్ వైరు తీయి. ఎన్కకు పెట్టేటప్పుడు అది ఆఖరుకు పెట్టు," అన్నాడు. గోరువెచ్చని నీళ్ళలో వంటసోడా కలిపి పోస్తే బుసబుసా పొంగింది. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఆరబెట్టి, గ్రీజు రాశాం. మర్నాడు సెల్ఫ్ కొడితే ఒక్క దెబ్బకు స్టార్టయింది. ఇన్నాళ్ళూ మా ఆయన వీధుల్లో తోసింది ఆ తెల్ల పొడి కోసమని తెలిసి నాకు నవ్వాగలేదు. ఆయన మాత్రం నవ్వలేదు.

తర్వాత పెట్రోలు వాసన. ట్యాంకు అంచున సన్నటి చెమ్మ. "బట్టల సబ్బు పట్టుకరా" అన్నాడు. తుడిచిన చోట సబ్బును గట్టిగా రుద్ది కూరితే చెమ్మ ఆగిపోయింది. అది షాపు తెరిచేదాకానే అని, తెరిచిన రోజే నన్ను తరిమాడు. మసకబారిన హెడ్‌లైట్లు టూత్‌పేస్ట్‌తో తోమితే తెల్లబడ్డాయి. రెండు వారాలు తిరిగేసరికి నాకు పొగరెక్కింది. ఒకరోజు కాకాను పిలవకుండా నేనే స్పార్క్ ప్లగ్గులు మూడూ విప్పి, గరుకు కాగితంతో రుద్ది, బిగించి, స్టార్ట్ చేశాను. కారు ఒళ్ళంతా వణుకుతూ దగ్గడం మొదలుపెట్టింది. కాకా ఇంట్లో అన్నం తింటున్నాడు. కంచం ముందు నుంచి లేవకుండానే కేకేశాడు.

"ఒకదాని వైరు ఇంకొకదానికి పెట్టినవ్ బిడ్డా. మూడింటికే గిట్లయితె ఎట్ల?"

సరిచేశాక మళ్ళీ తారుమారు కాకుండా వైర్లకు నా బొట్టుబిళ్ళలు అంటించాను. మొదటిదానికి ఒకటి, రెండోదానికి రెండు, మూడోదానికి మూడు. కాకా వాటిని చూసి చాలా మర్యాదగా దణ్ణం పెట్టాడు.

బానెట్ కింద తలలు పెట్టుకుని రాష్ట్రం గురించి కూడా పోట్లాడుకునేవాళ్ళం. నీళ్ళంటే ఒకటి అనేవాడు, ఉద్యోగాలంటే ఒకటి అనేవాడు. నేనూ ఊరుకునేదాన్ని కాదు, మా సీమలో వానే లేదు కాకా అనేదాన్ని. ఒకసారి మాత్రం, "మీ ఆఫీసుల బండ్లు పెట్టుకునే జాగ ఉన్నది సూడు, గాడ మా నాయిన జొన్న ఏసెటోడు," అన్నాడు. కోపంగా కాదు, నాకు దారి చెప్తున్నట్టు అన్నాడు. ఆ వెంటనే పది నంబరు పానా ఇమ్మని చెయ్యి చాపాడు. నేను రోజూ కారు నిలిపే చోటు అది. పానా వెతుకుతున్నట్టు చాలాసేపు డబ్బాలోకే చూస్తూ ఉండిపోయాను.

అలా ఇరవైతొమ్మిది రోజులు గడిచాయి. చివరి రోజు ఆదివారం. ఆ రోజే హైవే మీద వంటావార్పు. జనం రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే కూర్చుని తినడం. ఉద్యమం అప్పట్లో అలా కూడా నడిచింది. ఆటోలు లేవు, బస్సులు లేవు. పొద్దున్నే కాకా మెట్లెక్కి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. నెలంతా నాకు నేర్పించిన మనిషి, ఒక్కసారీ ఏమీ అడగలేదు. ఇప్పుడు అడగడానికి వచ్చి నేల చూపులు చూస్తున్నాడు.

"మా ఇంట్ల పెండ్లిళ్లల్ల అన్నం వండె గంజు ఉన్నది బిడ్డా, పెద్దది. చందానగర్ తీస్కపోవాలె. స్కూటర్ మీద ఆగదు."

ఆయన కిందికి వెళ్ళాక మా ఆయన నన్ను లోపలికి పిలిచాడు. "ఈ పొద్దు ఒక్కరోజు షెడ్డులోంచి తీయకపోతే నువ్వు గెలిచినట్టే. ఏంటికి పోవడం? ఆ గుంపులోకి కడప నంబరు బండి వేసుకుని పోతావా?" అన్నాడు. ఆయన గొంతులో పందెం లేదు, భయమే ఉంది. నాకూ ఉంది. కారు బతికి ఉందంటే అది కాకా చలవే, ఆయన గంజు మోయనప్పుడు ఇంకెందుకది అనిపించింది. తాళంచెవి తీసుకున్నాను.

గంజు వెనక తలుపులో పట్టలేదు. డిక్కీ ఎత్తి, వెనక సీటు మడిచి, లోపలికి జరిపి, డిక్కీ తలుపును తాడుతో కట్టాం. కాకా ఒళ్ళో రెండు పెద్ద గరిటెలు పెట్టుకుని ముందు కూర్చున్నాడు. హైవే ఎక్కేదాకా బాగానే ఉంది. అక్కడ జనం మధ్య అంగుళం అంగుళం జరుగుతుంటే, నడినెత్తిన ఎండ, టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటింది. వంటల దగ్గరికి ఇంకా కాస్త దూరం ఉందనగా బానెట్ లోంచి ఆవిరి బుస్సుమంది. ఇంజను ఆపేశాను. దిగి వంగి చూస్తే రేడియేటర్ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

రోడ్డు మధ్యలో ఆగిన కారు చూసి పదిమంది మగపిల్లలు పరుగెత్తుకొచ్చారు. "జరుగక్కా, పక్కకు తోస్తం," అంటూ డిక్కీ మీద చేతులు వేయబోయారు.

"ఎవరూ చెయ్యి వేయొద్దు," అని అరిచాను. ఆ అరుపు నాకే చెడ్డగా వినిపించింది.

అందరూ ఆగిపోయారు. ఒకతను నంబరు ప్లేటు చూశాడు, నన్ను చూశాడు. "ఏందక్కా, మేము ముట్టుకుంటె మైలపడతదా మీ బండి?" అన్నాడు నెమ్మదిగా. వెనక ఇంకొందరు చేరారు. కాకా గరిటెలు పట్టుకుని దిగుతూ ఏదో చెప్పబోయాడు. నా నోటితో అయిన తప్పు, నేనే దిద్దుకోవాలి అనుకున్నాను. ఫ్రిజ్ మీది కాగితం సంగతి మొదట్నుంచీ చెప్పాను. మేనేజరు హారన్, సంతకాలు, ఈ రోజుతో నెల పూర్తవుతుందని, ఒక్క చెయ్యి పడినా కారు పోతుందని. చెప్తుంటే సగంలో నాకు ఏడుపొచ్చింది.

పొయ్యి దగ్గర పప్పు కలుపుతున్న ఆవిడ, కాకా కంటే కొంచెం చిన్నదేమో, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "మొగనితోని పందెమా? అయితె ఒక్కడు కూడ బండికి చెయ్యి పెట్టొద్దు. చెప్తున్న," అంది. ఇంకో నలుగురు ఆడవాళ్ళు వచ్చి కారు చుట్టూ కాపలా నిలబడ్డారు. మైలమాట అన్న అబ్బాయే ముందు నవ్వాడు. గంజును మాత్రం వాళ్ళు భుజాల మీద మోసుకుపోయారు.

నేను రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోతే కాకా ఆపాడు. "ఉడుకు మీద తీస్తె మొఖం కాల్తది. జర సల్లారనియ్యి." చల్లారేదాకా రోడ్డు మీద విస్తరి ముందు కూర్చుని వాళ్ళతో పాటు అన్నం, పప్పు, పచ్చిమిరపకాయల తొక్కు తిన్నాను. ఆకలి మీద ఉన్నానేమో, అంత రుచైన పప్పు ఎప్పుడూ తినలేదు. తిన్నాక కాకా ఆ ఆవిడ దగ్గరికి వెళ్ళి పప్పులో వేసే పసుపు డబ్బా అడిగి తెచ్చాడు. చెంబుడు నీళ్ళలో గుప్పెడు పసుపు కలిపి రేడియేటర్‌లో పోయించాడు. ఆ చెంబు చేతులు మారి వచ్చేసరికి ఆడవాళ్ళందరి చేతులూ పసుపయ్యాయి. పైన మంచినీళ్ళు నింపాం.

"డిపోల డ్రైవర్లు నేర్పిన్రు. పసుపు చిల్లుల చిక్కుకుంటది. గని ఇది కట్టు బిడ్డా, మందు కాదు. రేపు టంకం పెట్టించాలె."

తాళంచెవి తిప్పాను. కిర్రుమని ఆగిపోయింది. రెండోసారి తిప్పితే ఇంజను అందుకుంది. కింద పసుపునీళ్ళు కాసేపు కారాయి, చుక్కలయ్యాయి, ఆగాయి. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. కాకా అక్కడే ఉంటానన్నాడు. ఫస్ట్ గేర్ వేసి కదిలాను. కదిలిన కారును చూసి ఆ ఆవిడకు ఏం సంబరం కలిగిందో, "పో బిడ్డా పో" అంటూ రెండు చేతులూ డిక్కీకి ఆనించి నాలుగడుగులు తోసింది. కాపలా ఉన్న నలుగురూ తోశారు. అద్దంలో కనిపిస్తూనే ఉంది. ఆపమని అరిచే అవకాశం ఉంది. ఈసారి నాకు అరవబుద్ధి కాలేదు.

ఇల్లు చేరేసరికి మా ఆయన గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. పొద్దుట్నుంచి అక్కడే ఉన్నాడని కాకా భార్య చెప్పింది. నన్ను ఎగాదిగా చూసి, ఊపిరి పీల్చుకుని, కారు చుట్టూ తిరిగాడు. వెనక్కి వెళ్ళి ఆగాడు. రంగు వెలిసి సుద్దలా మారిన డిక్కీ మీద పసుపు చేతులు, పది, ఒకదాని పక్కన ఒకటి.

"ఇవేంటివి?"

శుభమని పసుపు పూశారని చెప్పొచ్చు. నమ్మేవాడు కూడా. ఉన్నదున్నట్టు చెప్పాను, స్టార్టయ్యి పోతున్న కారునే తోశారని, కాగితంలో మాత్రం అలాంటి మినహాయింపు లేదని. ఓడిపోయానని కూడా నేనే అన్నాను. మా ఆయన పైకి వెళ్ళాడు. వెనకే వెళ్ళాను. ఫ్రిజ్ మీది కాగితం తీసి, జేబులోంచి పెన్ను తీసి, కింద ఒక వాక్యం రాసి, పక్కన సంతకం పెట్టి మళ్ళీ అంటించాడు. దగ్గరికి వెళ్ళి చదివాను. "నడుస్తున్న బండిని తోస్తే అది తోయడం కాదు, సాగనంపడం."

మర్నాడు షాపులు తెరిచాయి, రేడియేటర్‌కు టంకం పెట్టించాను. సబ్బుతో కడిగినా డిక్కీ మీది చేతులు పోలేదు. మా ఇంట్లో బట్టల మీద పసుపు మరకలు పడితే ఎండలో వేస్తాం, రెండు రోజుల్లో వెలిసిపోతాయి. ఆ చిట్కా నాకు కాకా నేర్పాల్సిన పని లేదు. ఆ ఎండాకాలమంతా కారును ఆఫీసులోనూ ఇంటి దగ్గరా వెతికి వెతికి నీడలోనే పెట్టాను.