కిరాయికి పోయిన నిచ్చెన, గుంటలో మిగిలిన నేను

ఈ సంగతి రాసిపెట్టక తప్పని పరిస్థితి వచ్చింది. సారపాకలో దీని మీద ఇప్పటికే నాలుగు కథలు నడుస్తున్నాయి. ఒకదాంట్లో నేను గుంటలో కూర్చుని ఏడ్చాను. ఇంకోదాంట్లో చిన్ననాటి నుంచి చేసిన పాపాలన్నీ పైకి ఒప్పుకున్నాను. బోనకల్‌లో మా అత్తగారింటికి చేరేసరికి గుంటలో నాతోపాటు ఒక ఎలుగుబంటి కూడా ఉందట. ఎలుగుబంటి లేదు. మిగతా అవమానమంతా ఉంది. దాన్ని పదిమంది నోట వినేకంటే దిగినవాడి రాతలోనే చదవండి.

ముందు నా వ్యాపారం ఏమిటో చెప్పాలి. పైపులు వేయడానికి లోతుగా తవ్వినప్పుడు పక్కమట్టి కూలి లోపలి కూలీల మీద పడకుండా ఆపే ఇనుప పెట్టెలను కిరాయికి ఇస్తాను. పెట్టె అనగానే మూత వెతక్కండి. రెండు పెద్ద ఇనుప పలకలు, అవి దగ్గరకు రాకుండా మధ్యలో అడ్డంగా బిగించే ఇనుప జాకీలు, అంతే. పలకల నడుమ మనిషి తన పని తాను చేసుకుంటాడు. పలకల అవతల మట్టి తన కోపం తాను చూసుకుంటుంది.

పెట్టెలు ఆరు కొన్నాను. కొన్న ఏడాదికే పనులు పడిపోయాయి. ఎక్కడి గుంట అక్కడ, ఎక్కడి పైపు అక్కడ ఆగిపోయింది. పని దొరికిన కాంట్రాక్టరు కూడా ఖర్చు తగ్గించాలంటే మొట్టమొదట కొట్టేసేది నన్నే. కాలం బాగాలేనప్పుడు మనిషి టీ మానడు, బీడీ మానడు, భద్రత మానేస్తాడు. చివరికి డిసెంబరులో ఖమ్మం నుంచి పాత ఇనుము కొనే షావుకారు వచ్చి, నా పెట్టెలను పుచ్చకాయల్లా తట్టి చూసి, సోమవారం లారీ పంపుతానని చెప్పి వెళ్ళాడు.

ఇక్కడ నా చదువు సంగతి కూడా చెప్పాలి. పదో తరగతి దగ్గర బడి నన్ను వదిలేస్తే భద్రాచలం లైబ్రరీ పట్టుకుంది. వంతెన దాటి వెళ్ళి కూర్చుంటే ఫ్యాన్లు ఆపేదాకా లేచేవాణ్ణి కాదు. మాంద్యంలో వ్యాపారం నడపడం గురించి అక్కడ ఒక పుస్తకం దొరికింది. ఊరికే పడి ఉన్న ప్రతి వస్తువునూ సంపాదనలో పెట్టమని అందులో ఉంది. ఆ తర్వాతి పేజీలు చెదలు తినేశాయి. నాకు దొరికినంతవరకు నేను పాటించాను.

హెల్మెట్లు పత్తి మిల్లుకు పోయాయి. ఎర్ర జెండాలు కబడ్డీ పోటీలకు పోయాయి. డిసెంబరు రాగానే మా చర్చి సంఘపెద్ద దానియేలన్న గోపురం మీద నక్షత్రం కట్టడానికి నిచ్చెన అడిగాడు. నా దగ్గర ఉన్నది ఒకే ఒక్క పొడుగు నిచ్చెన. దానికీ కిరాయి చెప్పాను.

నా భార్య కరుణ అన్నం వడ్డిస్తూ గరిటె ఆపింది.

"దేవుని మందిరం కాడ గూడ కిరాయి తీస్కుంటవా?"

"మాంద్యం అందరికీ ఒక్కటే" అన్నాను, పుస్తకంలోంచి మాట్లాడుతున్నట్టు.

దానియేలన్న మారుమాట లేకుండా కిరాయి ఇచ్చాడు. నేను కూడా వ్యాపారస్థుడి మర్యాదతో, శనివారం సాయంత్రం దాకా నిచ్చెన చర్చిదే, మధ్యలో నేనే వచ్చి అడిగినా ఇయ్యొద్దని చెప్పాను. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. దానియేలన్న పెట్టుకున్నాడు.

శుక్రవారం రామనాథం గారు ఫోన్ చేశారు. మంచినీళ్ళ పైపుల కాంట్రాక్టరు. తుఫాను వానకు నల్లమట్టి మెత్తబడిందట, రేపు పొద్దున నా పెట్టె ఎట్లా పనిచేస్తుందో చూపిస్తే తీసుకునేదీ లేనిదీ చెబుతానన్నారు. శనివారం ఆయన, సోమవారం లారీ. మధ్యలో ఉన్నది ఆదివారం ఒక్కటే.

ఆ సాయంత్రమంతా పెట్టెకు రంగు వేశాను. జాకీలు తళతళలాడాలని పాత ఇంజిన్ ఆయిల్ కూడా పూశాను. ఈ ముక్క కూడా గుర్తుపెట్టుకోండి.

పొద్దున పని దగ్గర జేసీబీ పది అడుగులు తవ్వి పెట్టెను లోపల దించింది. రామనాథం గారు, ఆయన మనుషులు, అడవి పక్క ఊరి నుంచి వచ్చిన కూలీలు గుంట చుట్టూ చేరారు. ఆ కూలీల మేస్త్రి సోడి ముత్తమ్మ. నడివయసు మనిషి, మాట తక్కువ, చూపు ఎక్కువ. సరుకు మీద అమ్మేవాడికే నమ్మకం ఉందని చూపించాలని నేను జేసీబీ బకెట్‌లో నిలబడి, ఎన్నికల్లో గెలిచినవాడిలా చెయ్యి ఊపుతూ లోపలికి దిగాను.

రామనాథం గారు పైనుంచి, "నిచ్చెన ఏదయ్యా?" అన్నారు.

"దారిలో ఉంది సార్" అన్నాను.

ఎవరు తవ్వుకున్న గోతిలో వారే పడతారంటారు. నేను పడలేదు. జనాన్ని పోగేసి, ఉపన్యాసం ఇస్తూ దిగాను.

నేలలో ఎన్ని రకాలో చెప్పాను. గజం పొడవు, గజం వెడల్పు, గజం లోతు ఉన్న మట్టి చిన్న కారంత బరువుంటుందని చెప్పాను. లైబ్రరీలో సంపాదించినదంతా ఆ గుంటలో కుమ్మరించాను. నల్లమట్టిని నమ్మరాదు అనే మాట నా నోట్లో ఉండగానే ఎడమవైపు గట్టు మొత్తం కూలి పలక మీద పడింది. ధన్ మని చప్పుడు. పెట్టె వెంట్రుకంత కదల్లేదు. నేను కూడా కదల్లేదు, కాకపోతే కారణం వేరు.

పైనవాళ్ళు రెండడుగులు వెనక్కి వేశారు. తర్వాత రామనాథం గారు మెల్లగా చప్పట్లు కొట్టారు. నా జీవితంలో అంత గొప్ప నిమిషం లేదు. అది నిమిషమే.

"బాగుందయ్యా. ఇక పైకి రా" అన్నారు.

అంచు మెత్తబడిందని జేసీబీని వెనక్కి పంపేశారు. జాకీ పట్టుకుని ఎక్కబోయాను. ఇంజిన్ ఆయిల్ తన పని చేసింది. మూడుసార్లు ఎక్కి నాలుగుసార్లు జారాను, లెక్క ఎట్లా కుదిరిందో నన్నడగొద్దు. పలకల మీద బల్లలు వేసుకుని నిలబడి తాడు వేశారు. నలుగురు లాగితే సగందాకా లేచాను. అక్కడ పైజాకీకి, నా పొట్టకు గొడవ వచ్చింది. జాకీ గెలిచింది. మళ్ళీ కిందికి దించారు. దిగితే గానీ లోతు తెలియదంటారు. లోతు నాకు ముందే తెలుసు, టేపు పెట్టి కొలిచాను. నాకు తెలియనిది ఎత్తు.

అటు తిరిగి, గొంతు తగ్గించి దానియేలన్నకు ఫోన్ చేశాను. గుంటలో గొంతు తగ్గదని అప్పుడే తెలిసింది. ప్రతి మాటా పైవాళ్ళందరికీ మైకు పెట్టినట్టు వినబడింది.

"అన్నా, నిచ్చెన జల్దీ కావాలె."

"దాని మీదనే ఉన్న జకరయ్యా. నక్షత్రానికి వైరు చుడుతున్న."

"జర దిగి పంపియ్యే."

"ఇప్పుడు చెయ్యి ఇడిస్తే నక్షత్రం పోయి పాస్టరుగారి నెత్తిన పడ్తది. కింద నిలవడి చెప్తున్నడు, ఎడమకు, కుడికి అని. అయినా నువ్వు యాడున్నవ్?"

"గుంటల."

"పని మీదనా?"

నేను చుట్టూ ఉన్న పలకలు చూసి, "పని మీదనే" అన్నాను.

"అయితే నీ పని నువ్వు చేస్కో, నా పని నేను చేస్త. సాయంత్రం దాక మాదే గదా. నువ్వొచ్చి అడిగినా ఇయ్యొద్దన్నవ్."

పైన ఎవరో దగ్గినట్టు నవ్వారు. రామనాథం గారు గడియారం చూసుకున్నారు. నాకు సోమవారం లారీ హారన్ వినబడింది.

ఇంతలో కబురు తెలిసి కరుణ వచ్చింది. గుంటలోకి తొంగి చూసి, నేను క్షేమమని తెలుసుకుని, తాడుకు టిఫిన్ డబ్బా కట్టి దించింది. "ముందుగాల తిను" అంది. కిరాయి ఊసే ఎత్తలేదు. అదే ఎక్కువ బాధ పెట్టింది.

పెరుగన్నం సగంలో ఉండగా పైనుంచి వెదురు బొంగు ఒకటి దిగింది. ముత్తమ్మ కూలీలతో తమ భాషలో ఏదో చెప్పి, కొమ్మలను మొదలంటా నరకకుండా జానెడు జానెడు మిగిల్చిన బొంగు తెప్పించింది. ఆ మిగిలిన కణుపు కొమ్మలే మెట్లు. దాన్ని ఆమె మూలకు ఆనించి, పైన తాడుతో బిగించింది. నేను డబ్బా చంకన పెట్టుకుని ఎక్కి వచ్చాను. కొత్త రంగు, నల్లమట్టి, ఇంజిన్ ఆయిల్, పెరుగు అన్నీ నా ఒంటి మీదే ఉన్నాయి.

ముత్తమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"బాయి తవ్వెటోడు గూడ ముందుగాల ఎక్కే మెట్టు చెక్కుకుంటడు సారూ. నీ బుక్కుల గది లేదా?"

ఆ పేజీ చెదలు తిన్నాయని చెప్పాను. ఆమె నవ్వలేదు. "అవ్, తింటయి" అంది.

రామనాథం గారు జీపు దాకా నడిచి వెనక్కి వచ్చారు. లారీకే రాసిపెట్టి ఉందనుకుని తల దించుకున్నాను.

"పెట్టె సంగతి కళ్ళారా చూసిన. ఆరూ కిరాయికి తీసుకుంట" అన్నారు. "కాని ఒక షరతు. ఒక్కో పెట్టెకు ఒక్కో నిచ్చెన ఉండాలె. ఆ నిచ్చెనలు నీ దగ్గర తీసుకోను. ముత్తమ్మకు చెప్పిన."

ఆ విధంగా నా గుంటలో నాకంటే ముందు లాభం చూసింది ముత్తమ్మ.

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. క్రిస్మస్ ఆరాధనలో పాస్టరుగారు సహాయం చేసినవారి పేర్లు చదువుతూ, తాను గుంటలో చిక్కుకుని ఉండి కూడా నిచ్చెనను మందిరానికే వదిలిపెట్టిన సహోదరుడు జకరయ్యగారిని లేచి నిలబడమన్నారు. జనం చప్పట్లు కొట్టారు. నేను లేచి త్యాగమూర్తిలా తల వంచాను. స్త్రీల వరసలోంచి కరుణ చూసిన చూపుకు, కానుకల సంచి వచ్చినప్పుడు నిచ్చెన కిరాయి మొత్తం అందులో వేసి, పైన ఇంకొంత కూడా వేశాను.

ఇక కృతజ్ఞతలు. గట్టు కూలినప్పుడు చప్పట్లు కొట్టి, నేను జారినప్పుడు కొట్టని రామనాథం గారికి, మాట తప్పని దానియేలన్నకు, నెత్తి కాపాడుకున్న పాస్టరుగారికి, పెరుగన్నం దించిన కరుణకు, బొంగు దించిన సోడి ముత్తమ్మకు వందనాలు. ఆ పుస్తకం తిన్న చెదలకు మాత్రం చెప్పను.

నా ఆరు పెట్టెల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట తిరిగి ఎక్కే దారి చూసుకోకుండా మంచం కూడా దిగను. ఆ పొడుగు నిచ్చెన ఇప్పుడు మా షెడ్డు గోడకు గొలుసుతో కట్టి, తాళం వేసి ఉంది. మందిరానికైతే ఊరికే ఇస్తాం. తాళంచెవి కరుణ దగ్గర ఉంది. నాకు కావాలంటే మాత్రం కిరాయి కట్టమంటోంది.