పులివెందుల గోడమీది జాజు

కడప జిల్లాలో మొట్టమొదట జాజ్ వాయించిందీ, ఆ జాజ్‌ను గోడమీద బొమ్మలుగా వేసిందీ నేనే. ప్రొద్దుటూరు టీ అంగళ్ళలో ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. నమ్మినవాళ్ళకు ఒకసారి చెప్పాను. నమ్మనివాళ్ళకు ఇంకొంచెం పెంచి రెండోసారి చెప్పాను. ఇప్పుడు పళ్ళన్నీ ఊడిపోయాయి కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాద్దామని కూర్చున్నాను. అలవాటు కొద్దీ చెయ్యి అక్కడక్కడ పెంచుతుంది. నేనే పట్టుకుని సరిచేస్తాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ప్రొద్దుటూరులో మా బ్యాండుమేళం నలభైమంది. కాదు, ఏడుగురం. తాళాలవాడికి జ్వరమొస్తే ఆరుగురం. మేళానికి పెద్ద ఉస్తాద్. ఆయన మొదటి క్లారినెట్, నేను రెండోది. నేను ఊదే క్లారినెట్ కూడా ఆయనదే. నాకు నేర్పి, చేతికిచ్చి, "పోగొట్టినావో, నువ్వు గూడా పోయినట్లే" అన్నాడు.

పెండ్లిళ్ళు లేని నెలల్లో అంగళ్ళకు బోర్డులు రాసేవాణ్ణి. పెండ్లి ఇండ్ల గోడలకు చిలకలూ అరటిచెట్లూ వేసేవాణ్ణి. ఆ పని ఉస్తాద్‌కు అస్సలు గిట్టేది కాదు. ఎందుకో చెప్పేవాడు కాదు.

జమ్మలమడుగులో ఒక పెండ్లికి పొద్దున గోడలకు రంగువేసి, సాయంత్రం మెరవణిలో వాయించాను. వేళ్ళ రంగు మీటలకు అంటుకుని ఒక మీట మూసుకున్నది మూసుకున్నట్టే ఉండిపోయింది. పెన్న వైపు తిరిగే మలుపులో నా క్లారినెట్ బాతులాగా అరిచింది. పెండ్లికొడుకు ఎక్కిన గుర్రం బెదిరి రెండు కాళ్ళమీద లేచింది. గుర్రం లేదు లెండి, జీపు. బెదిరింది డ్రైవరు.

"ఒరే, ఇదే ఆఖరు," అన్నాడు ఉస్తాద్ అందరిముందూ. "నీ చేతిలో ఇంగోసారి బ్రష్షు చూస్తినా, బాజా వాపస్ తీసుకుంటా. రెండూ చేస్తానంటే రెండూ పోతాయి. తెలిసే చెప్తాండా."

బోర్డులు కడుపు నింపేవి, నిజమే. కానీ ఆ క్లారినెట్ చేతిలో లేకపోతే ప్రొద్దుటూరు బజార్లో నన్ను తలెత్తి చూసేవాడు లేడు. అందుకని బ్రష్షు మానేశానా? మానలేదు. దాచిపెట్టాను.

అప్పుడు పులివెందుల నుంచి కార్డు వచ్చింది. శనక్కాయల వ్యాపారి ఒకాయన ఇంట్లో పెండ్లి. ఉస్తాద్‌కు ఉర్దూ తప్ప తెలుగు చదవను రాదు కాబట్టి కార్డులన్నీ నేనే చదవాలి. 'మగపెండ్లివారు బెంగళూరువారు. మేళంతో బాటు జాజు తప్పనిసరి' అని ఉంది. మా సీమలో జాజు అంటే ఎర్రమన్ను. గోడకు సున్నం కొట్టి, అడుగున జాజు పట్టె తీస్తేనే అది పెండ్లి ఇల్లు. ఆ ముక్క మింగేసి మేళం సంగతి మాత్రమే ఉస్తాద్‌కు చదివి వినిపించాను. తొండూరులో అక్క ఇంటికి పోతున్నానని చెప్పి, క్లారినెట్ పెట్టె ఒక చేత, జాజు మూట ఒక చేత పట్టుకుని, ఒక రోజు ముందే పులివెందుల బస్సెక్కాను.

ఇక్కడ ఒకటి సరిచెయ్యాలి. కార్డులో ఉన్నది 'జాజు' కాదు, 'జాజు సెట్టు'. సెట్టు అంటే సెట్టి అనుకున్నాను. జాజును సెట్టి అంగట్లోనే కొనమంటున్నాడని ఆ మాట అక్షరాలా పాటించి, సెట్టి అంగట్లోనే కొన్నాను.

పులివెందులలో వ్యాపారి ఇంట్లో లేడు, ముద్దనూరుకు పోయాడు. ఆయన తల్లి వసారాలో కూచోనుంది. వసారా గోడ లేత ఆకుపచ్చ రంగులో నున్నగా మెరుస్తోంది. ఇంత మంచి గోడకు అడుగున పట్టె లేదే అనిపించింది. "జాజు తెచ్చినానవ్వా" అన్నాను. "వెయ్ నాయనా, గోడ బోడిగా ఉండాది" అంది ముసలామె. అరవై అడుగుల గోడ పొద్దు వాలేలోపల ముగించాను. పదకొండు మూరల గోడ. అంతే.

వ్యాపారి వచ్చి గడపలోనే నిలబడిపోయాడు. భుజాన ఉన్న తువాలు జారి కింద పడింది. తీసుకోలేదు.

"ఏందప్పా ఇది?"

"జాజు, మామా. మీరు అడిగిందే."

"నేను అడిగిందా?"

"కార్డులో రాసినారు గదా."

"ఒరే నాయనా! నేను అడిగింది వాయించే జాజురా! పెద్ద డ్రమ్ము, చిన్న డ్రమ్ము, కంచుతాళం, అన్నీ ఒక్కడే కాళ్ళతో చేతులతో కొడతాడే, ఆ జాజు సెట్టు! మగపెండ్లోళ్ళకు మాటిచ్చినా. మద్రాసు నుంచి తెప్పించి వేయించిన రంగు, దానిమీద ఎర్రమన్ను పూసిపెడ్తివి!"

వాయించే జాజు ఒకటి ఉందని ఆ నిమిషందాకా నాకు తెలియదు. ముసలామె ఒక్కతే నిమ్మళంగా ఉంది. "బాగనే ఉండాది ల్యారా, గోడకు చీర కట్టినట్ల" అంది.

మర్నాడు పొద్దున బస్సులో ఉస్తాద్ మేళంతో దిగాడు. వ్యాపారి వీధిలోనే ఎదురుపోయి అంతా చెప్పాడు. ఉస్తాద్ వసారాలోకి వచ్చి పట్టె చూశాడు, నా వేళ్ళు చూశాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. వంగి, నా పక్కనున్న క్లారినెట్ పెట్టె తీసుకున్నాడు.

"ఉస్తాద్..."

"చెప్పింటి గదా," అన్నాడు. అంతే.

చెంప పగలగొట్టినా అంత అదిరిపోయేవాణ్ణి కాదు. ఆ తరువాత ఆయన అన్న మాట మాత్రం ఇప్పటికీ చెవుల్లో ఉంది.

"జాజు ఇంగా మిగిలిందా?"

మిగిలిందన్నాను. ఆయన కోటు విప్పి కొక్కేనికి తగిలించి, నా బ్రష్షు అందుకున్నాడు. బ్రష్షును పామును చూసినట్టు చూసే మనిషి! గోడ ముందు కూచుని, నా పట్టెకు పైన ఆ పచ్చరంగు మీద, ముందు గీతలు పెట్టకుండా, కొలవకుండా, ఒక్క ఊపులో మనిషిని దించాడు. పెద్ద డ్రమ్ము మీద కాలు, చేతుల్లో పుల్లలు. వాడి పక్కన మనిషంత ఎత్తు ఫిడేలు పట్టుకుని ఇంకొకడు. ఆ పక్కన పొట్ట ముందుకు తోసి, మెడ వెనక్కి వంచి, వంకరబాజా, అదే శాక్సఫోన్, ఊదేవాడు. బ్రష్షు చాలని చోట వేళ్ళతోనే రుద్దాడు. మేళమంతా నోళ్ళు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాం.

"ఎవరు ఉస్తాద్ వీళ్ళు?" అన్నాను.

"యుద్ధం రోజుల్లో బెంగళూరు దండులో నాతో వాయించినోళ్ళు. సోల్జర్ల డాన్సులకు జాజ్ వాయించినాం. ఆ వంకరబాజా నాదే."

"మీరా? జాజా?"

"ఏం, ప్రొద్దుటూర్లో ఎవడన్నా అడిగినాడా నన్ను? బొమ్మలు గూడా వేస్తాంటి. ఒక పొద్దు మా బ్యాండుమాస్టరు పొట్టను బొగ్గుతో గోడమీద వేస్తి. అందరూ నవ్విరి. తెల్లారి నా బాజా గుంజుకుని బయటికి పంపిరి. ఆ పొద్దుటి నుంచి బ్రష్షు ముట్టలా." చేతిలోని బ్రష్షు చూసుకున్నాడు. "ఇప్పుడు నీకు నేను అదే పని చేస్తి."

వ్యాపారి తల పట్టుకున్నాడు. "ఒకడు చాలక ఇద్దరైతిరి గదప్పా! నా గోడ!"

"నువ్వు అడిగింది జాజ్. వీడు తెచ్చింది జాజు. రెండూ కలిపి ఇస్తాండా, ఉండప్పా."

మధ్యాహ్నం మగపెండ్లివారు వచ్చారు. పెండ్లికొడుకు మేనమామ, కోటు వేసుకున్న మనిషి, దిగీదిగగానే "యాడండీ మీరు చెప్పిన జాజ్?" అన్నాడు. వ్యాపారి చెయ్యెత్తి గోడ చూపించాడు. మేనమామ దగ్గరికి పోయి, వంగి, వంకరబాజా వాడి వేళ్ళ దగ్గర ఆగాడు.

"బెంగళూరులో చాలాసార్లు విన్నాను నేను. ఈ వేళ్ళు పట్టిన తీరు చూడండి. ఇది వాయించినవాడు వేసిన బొమ్మ. ఎవరు?"

నేను ఒక అడుగు ముందుకేశాను. "నేనే" అన్నాను.

ఎందుకన్నానో చెప్పలేను. క్లారినెట్ పోయినవాణ్ణి, ఏదో ఒకటి నాది కావాలనిపించి ఉంటుంది. వెనక్కి తిరిగి చూస్తే ఉస్తాద్ రెండు చేతులూ ఎర్రగా, తడిగా ఉన్నాయి. నా చేతులు పొద్దున్నే కడుక్కున్నవి.

"ఔ, వాడే," అన్నాడు ఉస్తాద్. పెట్టె తెరిచి క్లారినెట్ నా చేతికిచ్చాడు. "ఏదీ, వాయించి గూడా చూపియ్."

నోట్లో పెట్టుకున్నాను. ఆ పూట నేను వాయించిన జాజ్‌కు పులివెందుల వీధులు నిండిపోయాయని ఇన్నేళ్ళుగా చెబుతూ వచ్చాను. నేను వాయించింది గాలి. బుస్సుమని గాలి. మేనమామ ముఖం తిప్పుకున్నాడు. ఉస్తాద్ క్లారినెట్ నా చేతుల్లోంచి తీసుకుని, ఎర్రటి వేళ్ళతోనే మొదలుపెట్టాడు.

ఆ పాట ఎట్లా ఉందో రాయడం నాకు రాదు. మాకు తెలిసిన పెండ్లిపాటే, కానీ గాలిపటంలాగా తోక తిప్పుకుంటూ ఎటో పోయి, పోయిందనుకున్నప్పుడు వచ్చి చేతిలో వాలింది. మా డ్రమ్ములవాడు కొట్టడం మరిచిపోయాడు. వ్యాపారి గోడవైపు చూస్తాడు, ఉస్తాద్‌వైపు చూస్తాడు. నేను మూల నిలబడి తాళాలు కొట్టాను. అవి కూడా రెండుసార్లు తప్పాయి.

తిరుగు బస్సులో ఉస్తాద్ ఎరుపు ఇంకా వదలని చెమట చేతులతో క్లారినెట్‌ను పెట్టెలో పెట్టి, పెట్టెను నా ఒళ్ళో పెట్టాడు.

"బొమ్మ నీదంటివి గదా. నీదే అననీలే. అన్నాక వేయను నేర్సుకోవల్ల. రేపు పొద్దున బ్రష్షు తీసుకొని మా ఇంటికి రా. బాజా గూడా తీసుకొనిరా."

పోయాను. బొమ్మ కొంత వచ్చింది. జాజ్ రాలేదు. ఉస్తాద్ పోయాక కూడా ఎవరైనా అడిగితే ఆ గోడ నాదేనన్నాను. తరువాత ఆ వసారా పడగొట్టి మిద్దె కట్టారు కాబట్టి కాదనేవాడు లేకపోయాడు.

పెట్టె మాత్రం నా దగ్గరే ఉంది. లోపల తెల్లగుడ్డ అస్తరు మీద, ఆయన క్లారినెట్‌ను అదిమిపెట్టిన చోట, అయిదు వేళ్ళ జాజు మరక. అది నా చెయ్యేనని మనవళ్ళకు చెప్పాను. నిన్న వాళ్ళు లేనప్పుడు దానిమీద నా అరచెయ్యి పెట్టి చూశాను. చుట్టూ ఇంకా ఎరుపు మిగిలింది.