రేడియేటరులో చెంబెడు వాన నీళ్లు

మొన్న ఉదయం నిజామాబాదులోని మా ఇంటి షెడ్డులో మా అమ్మాయి శారద ఒక కొత్త డబ్బా మూత తిప్పగానే సన్నని తీపి వాసన నా దాకా వచ్చింది. పాకం ముదరబోయే ముందు బెల్లపు పొయ్యి దగ్గర వచ్చే వాసనకు అది దూరపు చుట్టంలా ఉంది. చదువుతున్న పుస్తకం పక్కన పెట్టి లేచి నిలుచున్నాను. ఎదుట అదే ఎర్ర కారు. నలభై ఏళ్ల కిందట దీని ముందే, ఇంతకన్న ఎంతో ఘాటైన తీపి వాసన నడుమ, నేను తల వంచుకొని నిలబడిన రోజు ఒకటి ఉంది.

"ఇది నీళ్లు లేని కూలెంటు, ఇంజనును సల్లగుంచే మందు, బాపూ," అన్నది శారద. ఆమె పాలిటెక్నిక్‌లో యంత్రశాస్త్రం బోధిస్తుంది. "నీళ్ల లెక్క తొందరగ మరగదు. లోపల తుప్పు పట్టనియ్యదు, సున్నం కట్టనియ్యదు. ఒక్కసారి పోస్తే ఏండ్ల దాక ముట్టే పని లేదు. కాకపోతే దీంట్ల ఒక్క చుక్క నీళ్లు కూడ కలువొద్దు. పాత నీళ్లన్ని తీసి, ఆరబెట్టి, అప్పుడు పొయ్యాలె. పోద్దామా?"

ఒక్క చుక్క నీళ్లు కూడా కలవరాదు. ఆ ఒక్క నియమం దగ్గర నా మనసు ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చెప్పాలంటే గంగారామన్న గురించి చెప్పాలి.

నేను బోధనులో తెలుగు పండితుడిగా కుదిరిన కొత్తలో, నాకు అద్దెకు దొరికిన గది చెరకు బండ్లు బారులు తీరే రోడ్డు మీద గంగారామన్న రేకుల షెడ్డును ఆనుకొని ఉండేది. లారీలకూ ట్రాక్టర్లకూ రేడియేటర్లు బాగుచేయడం ఆయన వృత్తి. ఇంజను వేడిని మోసుకొని వచ్చిన నీటిని గాలి సోకించి చల్లబరిచే ఇత్తడి జల్లెడే రేడియేటరు. మా ప్రాంతపు బోరు నీటిలో సున్నం ఎక్కువ. ఆ జల్లెడ సందులన్నీ తెల్లగా పూడిపోతాయి. అందుకని ఆయన వానాకాలమంతా షెడ్డు కప్పు మీది నీటిని డ్రమ్ములలోకి పట్టి, మూతికి గుడ్డ కట్టి, చెరకు నరికే కాలం దాకా కాపాడుకొనేవాడు. ఆ నీటితో ముఖం కడుక్కోబోయిన డ్రైవర్లు ఆయన నోట పడి బయటపడడం కష్టం.

బండి వచ్చిన వెంటనే ఆయన ఇంజను వైపు చూసేవాడు కాదు. డ్రైవరును ముందు అడిగేవాడు: "ఏడికి పోతవ్? తొవ్వల ఏం దొరుకుతది?" దారిని బట్టి మోర్తాడ్ దాకా పోయే లారీకి ఒక తీరు, ఎడపల్లి పొలాల్లో తిరిగే ట్రాక్టరుకు ఒక తీరు వైద్యం. రోగం అంతుపట్టకపోతే "తెల్వదు" అనేవాడు. అందులో జంకు ఉండేది కాదు. గొట్టానికి చేతి వెనకవైపు ఆనించి, కళ్లు మూసుకొని, కాసేపటికి మళ్లీ "ఇంక తెల్వదు" అనేవాడు. అప్పటికి నేను పాతికేళ్లవాడిని, ప్రబంధాలు కంఠస్థం, తెలియదన్న మాట నా నోట ఎన్నడూ వెలువడలేదు.

ఎర్ర కారు ఆయన ప్రాణం. చక్కెర ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజనీరు ఒకరు విడిచిపోయిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు అది. పైకప్పు లేదు, ఇంజనులో గువ్వలు గూడు పెట్టాయి. గంగారామన్న ఆరేళ్లపాటు, పని లేని పూటలన్నీ దానికే ధారపోసి, రేడియేటరును తన చేతులతో కొత్తగా అతికి, దానిని నడిచేటట్టు చేశాడు. నాకు కారు నడపడం నేర్పింది కూడా దాని మీదనే.

ఒకనాడు నిజామాబాదులో సాహిత్య సభ. ప్రసంగించవలసినవాడిని నేను, బస్సు తప్పిపోయింది. గంగారామన్న తాళం చెవి నా చేతిలో పెట్టి, "వేడి సూపే ముల్లు ఎర్రగీత ముట్టిందంటే ఆగు. సల్లారనియ్యి. గప్పుడు మూత తెరిసి నీళ్లు పొయ్యి. నీళ్లు దొరక్కుంటే ఏం పొయ్యకు, కూసో. సభ ఏడికి పోదు, సారు," అన్నాడు.

ఎడపల్లి దాటకముందే ముల్లు ఎర్రగీతను తాకింది. ఎక్కడో గొట్టం కారుతున్నది. చల్లారేదాకా నిలబడ్డాను; కాని నీరు లేదు. కాలువ ఎండి ఉంది. రోడ్డు పక్కన ఉన్నదొక్కటే, చెరకు రసం బండి. రసంలో అధికభాగం నీరే కదా అని తర్కించాను. బండి నడిపే అవ్వ నేను బిందెడు రసం అడిగితే ముందు నమ్మలేదు.

"గిన్ని రసం ఎవలు తాగుతరు, సారు?"

"కారుకు, అవ్వా."

"అయ్యో! అల్లం, నిమ్మకాయ గిట్ల పిండాల్నా మరి?"

నేను నవ్వలేదు. సభకు చేరాను, అనర్గళంగా మాట్లాడాను, పూలదండ వేయించుకున్నాను. తిరుగు దారిలో కారు ఆగిపోయింది. సాయంత్రం చెరకు దించి వస్తున్న ఎడ్లబండి ఒకటి వెనక్కి మళ్లి దానిని షెడ్డుకు ఈడ్చుకొని వచ్చింది. నా మెడలో దండ ఇంకా ఉంది.

కాలిన బెల్లం వాసన రోడ్డంతా వ్యాపించింది. గంగారామన్న స్టూలు వేసుకొని కారు ముందు కూర్చున్నాడు.

"ఏం పోసినవ్?"

"నీళ్లే."

"ఏడియి?"

"కాలువవి."

"కాలువ బందై పది దినాలాయె, సారు," అన్నాడు నెమ్మదిగా. పాన పక్కన పెట్టాడు. "నువ్వు చెప్పేదాక నట్టు ఇప్ప. నాకు తెల్వక కాదు. ముక్కున్నోనికి ఎవనికైన తెలుస్తది. గని నువ్వు చెప్పాలె."

ఆరేళ్ల శ్రమ కళ్లెదుట గడ్డకడుతుండగా, ఆ మనిషి చేతులు కట్టుకొని నా మాట కోసం ఎదురుచూశాడు. ఆలస్యమైన ప్రతి క్షణమూ ఆ ఇంజనుకు కీడే. అది ఆయనకు నాకన్న బాగా తెలుసు. చివరికి చెప్పాను. ఆయన ఒక్కసారి కళ్లు మూసుకొని, తెరిచి, "కార్ల బెల్లం వండినవ్ గదయ్యా! జర ముందుగాల చెప్తే ఊరందరిని పిలుద్దుము," అన్నాడు. పాన తీసుకున్నాడు.

తరువాతి మూడు రోజులు బడి విడిచిన వెంటనే నాకు అదే పని. వేడి వాన నీళ్లు పోయడం, తీయడం, మళ్లీ పోయడం. తీసిన నీటిని ప్రతిసారీ ఆయన వాకిట్లోని బండ మీద కొంచెం పోసి చూసేవాడు. చీమలు పట్టేవి. "ఇంక ఉన్నది," అనేవాడు. నేను నీళ్లు తేటగా ఉన్నాయని వాదించాను. "నీ కండ్లకు తేటగున్నయి. శీమలకు కాదు," అన్నాడు. మూడో నాటి సాయంత్రం బండ మీది నీరు ఆరిపోయేదాకా ఇద్దరం కూర్చున్నాము. ఒక్క చీమ రాలేదు. అప్పుడు ఇంజను తిప్పాడు. బతికింది.

ఏళ్లు గడిచి ఆయన చూపు మందగించినప్పుడు తాళం చెవి నాకే ఇచ్చాడు. ఎందుకు నాకేనని అడిగితే, "ఒక్కపారి సంపవోయినవ్. రెండోపారి సంపవ్," అని నవ్వాడు. ఫ్యాక్టరీ మూతపడిన తరువాతి కాలంలో ఆయన కన్నుమూశాడు. ఆయన భార్య లచ్చవ్వ ఎడపల్లిలో కొడుకు కుటుంబంతో ఉంటుంది. ఏటేటా చెరకు నరకడం మొదలైన వారంలో ఎర్ర కారు ఆమె వాకిట ఆగుతుంది. మూత తెరవాలంటే ఇంజను చల్లారాలి. అది చల్లారేదాకా మేము కూర్చుంటాము, మాట్లాడుకుంటాము. పిదప ఆమె తన కప్పు మీద పట్టిన వాన నీటిని చెంబెడు తెచ్చి రేడియేటరులో స్వయంగా పోస్తుంది. ఆమెకూ ఆయనకూ మధ్య మిగిలిన పలకరింపు అదే.

ఆ డబ్బాలోని ద్రవం పోసిన తరువాత చెంబుకు చోటు లేదు.

శారద ఇది విని డబ్బా మూత మళ్లీ బిగించింది. "నిరుడు నీళ్లు తీస్తే తుప్పు రంగున్నయి, బాపూ. గొట్టాలను లోపల తుప్పు తింటున్నది. గంగారాం పెద్దనాన్న చేసిన రేడియేటరు ఇంకోటి దొరుకదు," అన్నది. అదీ నిజమే. చెంబును కాపాడబోయి ఇంజనును పోగొట్టుకుంటామేమో. ఏది సరి అని ఆమె అడిగింది. "తెలియదు, బిడ్డా," అన్నాను. "రేపు పోయి లచ్చవ్వకే చెబుదాము. చెప్పకుండా మాత్రం పోయవద్దు."

నిన్న పోయాము. కారు వాకిట ఆగింది. లచ్చవ్వ అప్పటికే చెంబుతో అరుగు మీద కూర్చొని ఉంది. విషయమంతా చెప్పాను, ఆమె పోయడానికి ఇక వీలుండదన్న మాటతో సహా. ఆమె చెంబును పక్కన పెట్టింది.

"నా చెంబు సంగతి ఇడిసిపెట్టుండ్రి. మా ఆయన ఉంటే ఇంజనుకు ఏది మంచిగుంటే గదే పోసెటోడు. నన్ను అడుగుతుండెనా?" అన్నది. తరువాత శారద వైపు తిరిగి, "గని బిడ్డా, నాదొక మాట. ఈ బండేసుకొని ఏడేడికి పోతవ్?"

"గిక్కడికి, అవ్వా. ధర్పల్లికి. ఒక్కోపారి మోర్తాడ్ దాక."

"తొవ్వల గొట్టం పలిగితే? గా మందు తొవ్వల దొరుకుతదా?"

"దొరుకదు. ఇంటికాడి నుంచి తీసుకపోవాలె."

"నీళ్లు?"

శారద నవ్వింది. "ఏ ఇంట్ల అడిగిన ఇస్తరు, అవ్వా."

"తుప్పంటే సున్నపు నీళ్లు పోసెటోళ్లకు. వాన నీళ్లు పోసి, ఏడాదికోపారి కాదు, రెండుపార్లు కడుగుండ్రి. నేను రమ్మంటున్న అని కాదు," అని లచ్చవ్వ ముఖం అటు తిప్పుకున్నది.

నీరు మాత్రమే దొరికే దారుల్లో తిరిగే కారుకు నీరే ఉంచాలని శారద తేల్చింది. నీటిలో కలిపే మామూలు కూలెంటు వేసి, గొట్టాలు మార్చి, ఏటా రెండుసార్లు కడుగుతుందట. పరుగు పందేలకు పోయే కారైతే తన మాట వేరుగా ఉండేదని కూడా అన్నది. గంగారామన్న అయినా ఆ తేడా ఒప్పుకొనేవాడే. డబ్బా తిరిగి దుకాణానికి పోయింది.

ఎన్నో పద్యాలకు అర్థం చెప్పాను గాని, నేను నేర్చిన వాటిలో నాకు చివరిదాకా పనికి వచ్చినవి ఆ షెడ్డులో నేర్చినవే. తెలియనిచోట తెలియదని తరగతిలో చెప్పగలిగాను. తప్పు చేసినప్పుడు ఎదుటివారు పాన అందుకోకముందే నోరు విప్పాను. అన్నిసార్లు కాదు, కాని చాలాసార్లు. రాసిన వాక్యం తేటగా ఉన్నదని నా కళ్లు చెప్పినా, ఒక పూట అలాగే వదిలి చూస్తాను.

నిన్న ఇంజను చల్లారింది. లచ్చవ్వ చెంబు ఎత్తుతుంటే శారద దాని కింద తన చేయి ఉంచింది. నీరంతా లోపలికి పోయిన తరువాత కూడా ముసలామె చెంబు వంచే ఉంచింది, చివరి చుక్క జారేదాకా. ఆ తరువాతనే మూత బిగించాను.