నిట్రాటి మీద రాజవంశాలు

ముందే చెప్పేస్తున్నాను, నాకు కోతలు కోసే అలవాటుంది. కొల్లేటి దోమను పావురమంత చేస్తాను, పావురాన్ని గరుత్మంతుణ్ణి చేస్తాను. కాబట్టి దీన్ని సగానికి తగ్గించి చదువుకోండి. పచ్చి అబద్ధమేదో చివర నేనే చెబుతాను.

పంతొమ్మిది వందల ముప్పైలలో కొల్లేటి నడుమ ఒక లంకలో నేను బడిపంతుల్ని. ఏలూరు నుంచి తాటిదోనెలో వెళ్లేసరికి గడ్డం జానెడు పెరిగేది. బడంటే తాటాకు పాక. దాన్ని మోసేది మధ్యనున్న నిట్రాడు. వరద వచ్చి నీరు పూర్తిగా తీసి నేల బయటపడ్డాక, తడి మరక ఎందాకా ఉంటే అక్కడ ఒక ముసలాయన ఆ నిట్రాటికి కత్తితో గాటు పెట్టేవాడు. నీరుండగా పెడితే వరదను ఇంకా పైకి రమ్మన్నట్టేనని వాళ్ల నమ్మకం.

ఈ కథకు ముందటేటి వరదలో నా భార్య జ్వరంతో పోయింది. దోనె ఏలూరు ఆసుపత్రికి చేరలేదు. ఇందులో కోత లేదు. ఆ వరదకు మాత్రం గాటు వద్దన్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు. తాడేపల్లిగూడెం నుంచి మా అత్తగారొచ్చి చీరలు మూటగట్టుకుని, “మీరూ వచ్చెయ్యండి బాబూ” అంది. “బడుందండి” అన్నాను. అన్నం తిన్నానో లేదో పిల్లలు చెబితేగాని తెలిసేది కాదు.

అప్పుడు కబురొచ్చింది. ఇనస్పెక్టరుగారు వస్తున్నారు, పిల్లలకు చరిత్ర రాకపోతే బడి ఎత్తేస్తారు. లంకకు మరో బడి లేదు. నాకు వెళ్లాలనిపించే మరో గుమ్మం లేదు.

మా పిల్లలకు చేపల జాతకాలన్నీ వచ్చు గాని రాజులు రారు. విసిగి విసిగి గాట్లకు వంశాలను కట్టాను: కింద పాతవాళ్లు, పైన కొత్తవాళ్లు. శాతవాహనులు చీలమండబంటి, చాళుక్యులు మోకాలిబంటి, కాకతీయులు మొలబంటి, రెడ్డిరాజులు రొమ్ముబంటి, కుంపిణీవారు పీకలబంటి. వారం తిరిగేసరికి లంకలో కోళ్లు కూడా అప్పజెప్పేవి.

ఇనస్పెక్టరుగారు వచ్చారు. ఒడ్డున దోనె ఒరిగి నిలువునా తడిశారు. బూటు విప్పితే రెండు బొమ్మిడాయి చేపలు దూకాయి. ముందు వరసలోని పిల్లను అడిగారు. గాట్లు పెట్టే ముసలాయన మనవరాలు.

“కాకతీయులు ఎప్పటివాళ్లమ్మా?”

“మొలబంటండి.”

“ఆఁ?”

“వాళ్లకు ముందు చాళుక్యులండి, మోకాలిబంటి. తర్వాత రెడ్డిరాజులండి, రొమ్ముబంటి.”

ఆయన నావంక చూశారు, నిట్రాటివంక చూశారు. వరస ఎక్కడా తప్పలేదు.

“బాగుంది. మరి ఇప్పుడు ఏలుతున్న దొరతనంవారికి గాటేదీ?”

“ఇంకా పెట్టలేదండి.”

“ఏం?”

“నీరు తియ్యందే పెట్టకూడదండి. తీశాక మా తాత పెడతాడండి.”

“ఎంత నీరైనా తియ్యకేం చేస్తదే!” అంది వెనక వరసలోంచి ఇంకో పిల్ల గొంతు.

ఆ కాలంలో అంతకన్నా చిన్న మాటకే బళ్లు మూతపడేవి. నేను నిట్రాడు పట్టుకుని నిలబడ్డాను. ఇనస్పెక్టరుగారు తల వంచి చెవిమీద రెండుసార్లు తట్టుకున్నారు.

“దోనె ఒరిగినప్పుడు చెవిలో నీళ్లు పోయాయండి, మాస్టారూ. రెడ్డిరాజుల దాకా చక్కగా వినపడింది, ఆపైన ఏమీ వినపడలేదు. బడి నడుపుకోండి.”

ఆయన వెళ్లగానే లంకంతా విరగబడి నవ్వింది. నేనూ నవ్వాను. నా నవ్వుకు కొల్లేటి కొంగలన్నీ లేచిపోయి ఉంగుటూరు చేలల్లో వాలాయి.

మాట ప్రకారం ఇక చెప్పాలి. బొమ్మిడాయి ఒక్కటే. కొంగలు కదల్లేదు. నేను నవ్వలేదు, ఆ నవ్వే పచ్చి అబద్ధం. అందరూ నవ్వుతుంటే ముసలాయన కత్తి పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

“బడి నిలబడింది కదండి. నిరుటి గాటు పెట్టెయ్యమంటారా, మాస్టారూ?”

“నీరు ఇంకా తియ్యలేదండి” అన్నాను.

ఎండాకాలం. బడి ముందు నేల నెర్రెలిచ్చి ఉంది. ఆయన దానివంక చూసి, కత్తి మొలలో దోపుకుని వెళ్లిపోయాడు.